హెచ్చరికకు కాస్త మర్యాద ఉండాలి

చిప్స్ ప్యాకెట్ మీద, బిస్కెట్ ప్యాకెట్ మీద ముందువైపే నల్లటి ముద్ర వేసి ‘ఉప్పు ఎక్కువ’, ‘చక్కెర ఎక్కువ’ అని రాయాలని కొందరు ఏళ్ల తరబడి పోరుతున్నారు. వాళ్ల మాట విని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో సంగతి తేల్చమని కేంద్రానికి చెప్పింది. జులైలో ఆ గడువును ఇంకో మూడు నెలలు పెంచింది. ఇంత తొందరపాటును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

అసలు మన ప్యాకెట్ల మీద సమాచారం లేదన్నదెవరు? బ్రహ్మాండంగా ఉంది. వెనకవైపు, కింది మూలన, వెండిలా మెరిసే కవర్ మీద లేత బూడిద రంగు అక్షరాల్లో, రెండంచులూ అతికించిన మడత పక్కనే ఉంది. కనబడకపోతే పిల్లల్ని పిలిచి చదివించుకోవచ్చు. వాళ్ల కళ్లు బాగుంటాయి, పైగా తినేదీ వాళ్లే. చదివినా ‘ఒక సర్వింగ్‌కి’ అనే లెక్క దగ్గర ఆగిపోతారు. సర్వింగ్ అంటే చిన్న గుప్పెడు. ప్యాకెట్ విప్పి ఓ గుప్పెడు తిని, రబ్బరు బ్యాండు వేసి అల్మారాలో దాచే మహానుభావుడి కోసం వేసిన లెక్క అది. ఆయన ఏ ఊళ్లో ఉంటాడో తెలిస్తే వెళ్లి దణ్ణం పెట్టుకునేవాణ్ని.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. మన నిబంధనల ప్రకారం లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. వాటికి తోడు తెలుగులో రాస్తే ఎవరూ కాదనరు, రాయకపోయినా ఎవరూ అడగరు. దానివల్ల పల్లెటూరి కిరాణా కొట్టు ముందు నిలబడ్డ మన మామ్మగారికి సోడియం గురించిన టెన్షన్ లేకుండా పోయింది.

మనవాళ్లకు కన్ను ఆకట్టుకోవడం చేతకాదనుకుంటే పొరపాటు. శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క పెట్టారు. చదువు రానివాళ్లు కూడా క్షణంలో దాన్ని పట్టేస్తారు. మాంసాహారానికి మొదట గోధుమ రంగు చుక్క ఉండేది. రంగుల తేడా పోల్చుకోలేనివాళ్లకు రెండూ ఒకేలా కనబడతాయని దాన్ని త్రికోణం చేశారు. రంగు ఒక్కటే చాలదు, ఆకారం మారాలి అన్నంత సూక్ష్మం తెలిసినవాళ్లే. ఆ విద్యను చక్కెర మీద ప్రయోగించకపోవడం వాళ్ల సంయమనం.

ఆ సంయమనం అప్పుడప్పుడూ సడలుతోంది. పాన్ మసాలా హెచ్చరికకు ఒకప్పుడు 3 మిల్లీమీటర్ల అక్షరాలు సరిపోయేవి. 2022 సవరణతో ప్యాకెట్ ముందువైపు సగం ఇచ్చేశారు. సిగరెట్ పెట్టె మీదైతే 2016 ఏప్రిల్ నుంచి 85 శాతం హెచ్చరికే. పేరుకు చోటు వెతుక్కోవాల్సిన దుస్థితి! రేపు బిస్కెట్‌కూ ఇదే గతి పడితే?

చిలీ వాళ్లను చూస్తే భయమేస్తుంది. 2016 జూన్ నుంచి అక్కడ రోడ్డు మీద ‘ఆగు’ బోర్డు ఆకారంలో, నల్లటి ఎనిమిది మూలల ముద్రలు వచ్చాయి. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు, ఏది హద్దు దాటితే దానికో ముద్ర. నాలుగూ దాటితే నాలుగు. వెనక్కి తిప్పక్కర్లేదు, లెక్క కట్టక్కర్లేదు, కళ్లజోడు అక్కర్లేదు. చక్కెర పూసిన కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద ఎన్నాళ్లుగానో నవ్వుతున్న పులిని కూడా తరిమేశారు. ముద్రలు, ప్రకటనల మీద ఆంక్షలు, బడుల్లో అమ్మకం నిషేధం అన్నీ కలిసి, ‘ఎక్కువ’ ముద్ర పడ్డ తీపి పానీయాల కొనుగోళ్లు తొలి దశలోనే దాదాపు 24 శాతం తగ్గాయని పరిశోధకులు తేల్చారు. కొన్ని కంపెనీలైతే ముద్ర తప్పించుకోవడానికి చక్కెరే తగ్గించేశాయట. ముద్రకు భయపడి సరుకు మార్చడమేమిటి, పౌరుషం లేకుండా?

మనవాళ్లు ఇంకాస్త నాగరికంగా ఆలోచించారు. ఆహార భద్రతా సంస్థ 2022 సెప్టెంబర్ ముసాయిదాలో ముద్రల బదులు నక్షత్రాలు ఇద్దామన్నారు. అర నుంచి ఐదు దాకా. ఎంత చెత్త సరుకైనా అర నక్షత్రమైనా దక్కుతుంది, అవమానం ఉండదు. చక్కెరకు పోయిన మార్కుల్ని కాస్త పీచు, కాస్త ప్రొటీన్ కలిపి వెనక్కి రాబట్టుకోవచ్చు కూడా. ఈ పద్ధతికి తెలుగువాళ్లం మరీ తగినవాళ్లం. రెండుంపావుకీ రెండుముప్పావుకీ మధ్య తేడా మీద రాత్రంతా వాదించుకుని, తెల్లారి అదే సినిమాకు టికెట్ బుక్ చేసుకునే జాతి మనది.

మర్యాదస్థుడైన హెచ్చరిక ఎలా ఉండాలో చూడాలంటే ‘ఓఆర్ఎస్’ సీసాల కథ చదవాలి. విరేచనాలతో నీరసించిన పిల్లలకు పట్టాల్సిన ద్రావణం పేరు అది. ఆ మూడక్షరాలూ తీపి పానీయాల పేర్లలోకి చేరాయి, ముందువైపు, పెద్దగా. ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్ఎస్ కాదు’ అనే మాట రాస్తే ఆ పేరు వాడుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చారు. ఎంత గొప్ప ఏర్పాటు! పేరు అవునంటుంది, లేబుల్ కాదంటుంది, రెండూ ఒకే సీసా మీద అన్యోన్యంగా కాపురం చేస్తాయి. మందుల షాపు ముందు పిల్లాణ్ని చంకనెత్తుకున్న తల్లి కళ్లు ఏ మాట దగ్గర ఆగుతాయో చెప్పడానికి పరిశోధన చేయాలా?

ఆ కాపురంలో నిప్పులు పోసింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు. దాదాపు ఎనిమిదేళ్లు పట్టు వదలకుండా పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ అనుమతులను రద్దు చేసి, పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దంది. లేబుళ్లు చదివే అలవాటు ఎంతటి అనర్థానికి దారి తీస్తుందో చూశారుగా.

చెవికైతే మనం ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించుకున్నాం. మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర్లో మార్కెట్ రిస్కుల గురించి ఊపిరి తీసుకోకుండా చదివేస్తాడు చూడండి, ఆయన చట్టాన్నీ గౌరవించాడు, మన ప్రశాంతతనూ కాపాడాడు. కంటికి కూడా అలాంటి ఏర్పాటే కావాలి.

ఇంత చెప్పినా వినకుండా ముద్రలు వేయాల్సిందే అంటారా? వేయండి. నల్లగానే వేయండి, ముందువైపే వేయండి, తెలుగులోనే రాయండి. కొట్టువాళ్లకు మాత్రం ఒక్క హక్కు మిగల్చండి: ‘20 శాతం అదనం, అదే ధరకే’ అనే స్టిక్కర్‌ను ప్యాకెట్ మీద తమకు నచ్చిన చోట అతికించుకునే హక్కు.