పాట కాగితం తెలుగు అక్షరాల్లోనే ఉండాలి

పోయిన శనివారం చెన్నై పెరంబూరులో మా చర్చి క్వయర్ ప్రాక్టీసులో జరిగిన ఒక సంగతి నాకు ఇంకా మింగుడు పడటం లేదు. మా వాళ్లలో చాలామంది ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. ఎవరినైనా నొప్పిస్తే క్షమించండి. కానీ చెప్పకుండా ఉండలేను.

క్రిస్మస్ కచేరీకి మూడు వారాలే మిగిలింది. ఆది తాళంలో ఉన్న ఒక పాత కీర్తన సాధన చేస్తున్నాం. అందులో ‘పాడుదము’ అన్న మాట వస్తుంది. ముందు వరుసలో నిలబడ్డ తొమ్మిదో తరగతి పిల్ల, మంచి గొంతు, శ్రుతి ఎప్పుడూ తప్పదు, ఆ మాటను ‘పడుదము’ అని పాడింది. అంతటితో అయిపోలేదు. తాళం లెక్కలో ‘పా’ మీద నిలవాల్సిన రెండు అక్షరాల కాలం ఖాళీగా మిగిలింది కదా, ఆ ఖాళీని నింపడానికి తరువాతి అక్షరాన్ని సాగదీసింది. ‘పడూదము’ అయింది. ఆమెను విని పక్కనున్న ఇద్దరు పిల్లలూ అలాగే పాడారు. తబలా వాయించే అన్నయ్య చేయి ఆపి తలెత్తి చూశారు. కొందరు నవ్వారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది.

తప్పు ఆ పిల్లది కానే కాదు. ఆమె చేతిలోని ఫోనులో పాట ఇంగ్లిషు అక్షరాల్లో ఉంది. ‘పి’ పక్కన ఒకే ఒక్క ‘ఏ’ ఉంది. అది ‘ప’ అవుతుందో ‘పా’ అవుతుందో ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? దేవుణ్ణి స్తుతిస్తూ పాడదాం రండి అని పిలిచే మాట, పడిపోదాం రండి అని మారిపోయింది. అది అక్కడ నిలబడి విన్న పెద్దవాళ్లం సిగ్గుపడాల్సిన విషయం.

అదొక్కటే కాదు. గొల్లలు ‘గోళ్లలు’ అవుతున్నారు. ‘ఈ వేళ’ కాస్తా ‘ఈ వెల’ అవుతోంది. దూత దుతగా, తార తరగా, కాపరులు కపరులుగా మారిపోతున్నారు. జ్ఞానులను ‘గ్నానులు’ అంటున్నారు. క్రిస్మస్ కథలో ఉన్నవాళ్లే వీళ్లంతా, వాళ్లలో ఒక్కరి పేరూ సరిగ్గా పలకకుండా కచేరీ ఎలా చేస్తాం?

ఈ అలవాటు ఎలా వచ్చిందో నాకు బాగా గుర్తుంది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వచ్చి ఊరంతా నీళ్లలో ఉన్నప్పుడు ప్రాక్టీసుకు ఎవరూ రాలేకపోయారు. ఇళ్లలోనే పాడుకోండని మాస్టారు పాటలు ఫోనులో రికార్డు చేసి పంపారు. పుస్తకం చేతిలో లేనివాళ్ల కోసం ఎవరో పుణ్యాత్ములు ఆ రాత్రి కూర్చుని ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేశారు. ఆ రోజు అది సాయమే, కాదనను. మరుసటి ఏడు తుఫాను లేకపోయినా అవే కాగితాలు వచ్చాయి. ఈ ఏడు క్వయర్ కమిటీ ఏకంగా తీర్మానమే చేసింది: పాటలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే, తెలుగు చదవగలిగినవాళ్లకు కూడా వేరే ప్రతి ఉండదు, ‘అందరికీ ఒకటే ఉంటే గందరగోళం ఉండదు’ అని. ఆ మాట అన్నవాళ్లు శనివారం ఆ గందరగోళం విన్నారు కదా.

ఆ కాగితాల్లో ఇంకొకటి కూడా పోయింది. మా నాయనమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఉండేది. పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి అందులో. నేను మొదట కూడబలుక్కుని చదివిన తెలుగు అదే. మా నాన్న ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారం ఐ.సి.ఎఫ్.లో పనికి చేరాక మేము ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాం. బడిలో తెలుగు లేదు. సాయంత్రం ప్రార్థనకు ముందు నాయనమ్మ వేలు పెట్టి చూపిస్తుంటే, రాగం పేరు దగ్గర మొదలుపెట్టి చివరి చరణం దాకా చదివేదాన్ని. ఇప్పటి కాగితంలో రాగమూ లేదు, తాళమూ లేదు, రాసినవారి పేరూ లేదు. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890 దాకా బతికి వందకు పైగా కీర్తనలు రాశారు. ఏ అక్షరం మీద తాళం పడుతుందో, ఎక్కడ దీర్ఘం నిలవాలో చెవిలో పెట్టుకుని రాసినవారు. ఆయన పెట్టిన దీర్ఘాన్ని మనం టైపు చేసేటప్పుడు తీసేస్తున్నాం.

కీర్తనలకే కాదు, బయటి నుంచి వచ్చిన పాటలకూ ఇది వర్తిస్తుంది. 1818 డిసెంబరు 24 రాత్రి ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో మొదటిసారి పాడిన ‘సైలెంట్ నైట్’ అనే జోలపాటలాంటి క్యారల్ అందరికీ తెలుసు. దాని మొదటి అక్షరం మీదే స్వరం ఆగి ఊగుతుంది. అక్కడ తెలుగులో దీర్ఘం పడితేనే నోటికి హాయి. హ్రస్వాన్ని అంతసేపు లాగితే అది తెలుగు మాటలా వినపడదు.

ఇప్పుడు నాకు ఎదురుచెప్పినవాళ్ల మాటలకు వస్తాను.

మొదటిది, ‘పిల్లలకు ఇప్పటికే బరువెక్కువ’ అన్నది. బరువు ఉంది, ఒప్పుకుంటాను. ఈ రాష్ట్రంలో 2006 చట్టం తరువాత పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి. అందులో తప్పేమీ లేదు, ఇక్కడి గాలి పీల్చేవాళ్లకు ఇక్కడి భాష రావాలి. ఆ పైన ఇంగ్లిషు, కొందరికి హిందీ. కానీ ఇదే పిల్లలు పియానో గ్రేడు పరీక్షలకు అయిదు గీతల స్వరలిపి నేర్చుకుంటున్నారు. హాండెల్ ‘హల్లెలూయ’ కోరస్‌ను సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అనే నాలుగు గొంతుల వరుసలూ ఒకేసారి కళ్లతో పట్టుకుంటూ పాడుతున్నారు. గీత మీద చుక్క ఉంటే ఎంతసేపు, చుక్కకు తోక ఉంటే ఎంతసేపు, అన్నీ చెప్పగలరు. అర మాత్ర తేడాను గుర్తుపట్టే పిల్లలకు తలకట్టుకూ దీర్ఘానికీ తేడా పట్టుకోవడం కష్టమని ఎలా అనుకున్నాం? వాళ్లకు చేతకాక కాదు. మనం అడగలేదు.

రెండోది కాస్త బలమైన మాట. ‘ఈ డిసెంబరులోనే మైలాపూరు సంగీత సభల్లో తమిళులు త్యాగరాజ కీర్తనలు పాడటం లేదా? వాళ్లలో ఎంతమందికి తెలుగు అక్షరాలు వచ్చు?’ అని మా బృందంలో ఒక పెద్దాయన అడిగారు. నిజమే, చాలామంది తమిళ లిపిలో రాసుకునే పాడతారు. కానీ ఎలా రాసుకుంటారో ఆ పుస్తకం తెరిచి చూశారా? తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం కాబట్టి, దాని పక్కన రెండు, మూడు, నాలుగు అని చిన్న అంకెలు వేస్తారు. తమది కాని భాషలోని ‘గ’ చెడిపోకూడదని అంత జాగ్రత్త! ఆ పైన గురువు ఎదురుగా కూర్చుని ఏళ్ల తరబడి నోటితో దిద్దుతారు. మన కాగితంలో ఏ గుర్తూ లేదు, దిద్దడానికి మిగిలింది మూడు శనివారాలు. వాళ్ల పేరు చెప్పుకుని మనం తప్పించుకోకూడదు.

ఇంకొక మాట ఉంది, ఇది నాకు శనివారం రాత్రే తట్టింది. తమిళ లిపిలో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. అ, ఆ వేరు. ల, ళ వేరు. న, ణ వేరు. అంటే తమిళ అక్షరాల్లో రాసి ఇచ్చినా ‘గొల్లలు’ గోళ్లు అయ్యేవారు కాదు, ‘వేళ’ వెల అయ్యేది కాదు. మన పిల్లలందరికీ తమిళం చదవడం వచ్చు. ఈ తేడాలన్నీ వాళ్ల కంటికీ చెవికీ ఇప్పటికే తెలుసు. తెలుగులో వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఆ తేడాల రూపం మాత్రమే. మనం మాత్రం వాళ్లకు తెలిసిన ఆ తేడాలన్నిటినీ చెరిపేసే లిపిని ఏరి మరీ ఇచ్చాం.

అందుకే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పిల్లను మా ఇంటికి పిలిచాను. వాళ్లమ్మ కూడా వచ్చింది. పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క చరణం రాసి పెట్టాను. దీర్ఘాలన్నిటికీ ఎర్ర పెన్సిలు పూశాను. తమిళంలో ‘పా’ ఎలా రాస్తావని అడిగితే రాసింది. ‘ప’ పక్కన ఒక కాలు పెట్టింది. మన దాంట్లో ఆ కాలు పైకెక్కి వంగుతుందని చూపించాను. చూసింది. నా చేతిలోని పెన్సిలు తీసుకుని, మిగిలిన చరణంలో దీర్ఘాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తనే వెతకడం మొదలుపెట్టింది. ఒక్కటి వదిలేసింది, అంతే. తరువాత పాడింది. ‘పాడుదము’ అని నిండుగా, రెండు అక్షరాల కాలమూ నిలిపి పాడింది. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటూ, ‘మా అమ్మ ఇలాగే పాడేదండీ’ అంది. మొత్తం పట్టిన సమయం ముప్పావు గంట. అందులో కాఫీకి పోయింది పావుగంట.

హాండెల్ గురించి చెప్పాను కదా. ఆయన 1685లో పుట్టింది జర్మనీలోని హాలే పట్టణంలో. ‘హల్లెలూయ’ ఉన్న ‘మెస్సయా’ను 1741లో రాశారు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే, 1740లలోనే, అదే హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. తొలి తెలుగు అచ్చు పుస్తకాల్లో అవి ఉన్నాయి. వేయించింది బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ. ఆయన పనిచేసింది మన మద్రాసులో, తెలుగులోకి బైబిలును అనువదించింది కూడా ఇక్కడి రోజుల్లోనే. ఎక్కడి నుంచో వచ్చిన మనిషి ఇంత శ్రమపడిన ఊళ్లో, తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లలకు తెలుగు అక్షరం కష్టమని మనమే తీర్పు చెప్పేశాం. హాండెల్ పాటను మాత్రం ఒక్క స్వరం జారనివ్వం. చివరి అంశంగా అది పాడేటప్పుడు సభ అంతా లేచి నిలబడుతుంది. దానికి ముందు వచ్చే కీర్తనకు కూడా అంత గౌరవం దక్కాలని అడుగుతున్నాను, అంతకన్నా ఎక్కువ కాదు.

కమిటీని తీర్మానం మార్చమని ఉత్తరం ఇచ్చాను. జవాబు రాలేదు. రాకపోయినా ఈ శనివారం అయిదు గంటలకు, అంటే ప్రాక్టీసుకు అరగంట ముందు, నేను హాల్లో ఉంటాను. మూడు కీర్తనలు తెలుగులో పెద్ద అక్షరాలతో టైపు చేసి, రాగం, తాళం, రాసినవారి పేరు వేసి ముప్పై ప్రతులు తీయించాను. ఎర్ర పెన్సిళ్లు కూడా తెస్తాను. పిల్లలను పంపండి. తెలుగు చదవడం రాని తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

నాలుగో కీర్తనకు మాత్రం నా పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయింది. మీ ఇళ్లలో పాత ముద్రణ ఉంటే దయచేసి ఆ రోజు తీసుకురండి. ఫోటో పంపినా చాలు, అక్షరాలు కనబడేలా తీయండి.