సాఫ్ట్‌వేర్ ఎంపిక అనే సాహిత్య ప్రక్రియ

కవిత, కథ, నవల, నాటకం అంటూ విమర్శకులు సాహిత్య ప్రక్రియలన్నిటికీ పేర్లు పెట్టారు గానీ, వీటన్నిటికంటే ఎక్కువమంది ఎక్కువ రాత్రులు మేలుకొని సాధన చేస్తున్న ఒక ప్రక్రియను మాత్రం ఇంతవరకు గుర్తించనే లేదు. రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో తేల్చుకోవడమే ఆ ప్రక్రియ. పగలు ఒక సంస్థలో యంత్రాలకు యూజర్ మాన్యువల్స్ రాస్తూ, రాత్రిళ్లు నవల రాస్తున్నానని ఇంట్లోవాళ్లను నమ్మిస్తూ కాలం గడుపుతున్నవాణ్ని కాబట్టి, ఇందులోని సృజనాత్మక శాఖలోనూ డాక్యుమెంటేషన్ శాఖలోనూ నాకు సమానమైన ప్రవేశం ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

రాత కోసం సాఫ్ట్‌వేర్ పుట్టిందని లోకం అనుకుంటుంది. చరిత్రను కాస్త తిరగేస్తే, సాఫ్ట్‌వేర్‌కు దొరికిన మంచి సాకే రాత అని తెలుస్తుంది. అమెరికాలోని పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ నిర్మాతలు ఆపరేటింగ్ సిస్టమ్ కడతామని కంప్యూటర్ అడిగితే పైవాళ్లు ఇవ్వలేదు. పత్రాలను దిద్ది, తీర్చి, ముద్రించే వ్యవస్థ తయారుచేస్తామని 1970లో అడిగితే ఇచ్చారు. 1971లో పేటెంట్ విభాగం టైపిస్టులు దాని మీద దరఖాస్తులు కొట్టుకుంటూ ఉండగా, ఆ చప్పుడు చాటున యూనిక్స్ పెరిగి పెద్దదైంది. ఇక కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ సంగతి చెప్పనే అక్కరలేదు. 1977లో తన పుస్తకం రెండో సంపుటానికి వచ్చిన కొత్త కూర్పు ప్రూఫులలో అక్షరాల పొందిక నచ్చక, పుస్తకం పక్కన పెట్టి, అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్‌ను తానే రాయడానికి పూనుకున్నాడు. కొన్ని నెలల్లో తేలిపోతుందనుకున్న ఆ పని పదేళ్లకు పైగా సాగి, టెక్స్ అయింది. దాని వెర్షన్ సంఖ్య సవరణ జరిగినప్పుడల్లా గణితంలోని పై (π) విలువకు ఒక్కో అంకె చొప్పున దగ్గరవుతూ 3.141592653 దాకా వచ్చింది. తన తదనంతరం ఆ సంఖ్యను సరిగ్గా పై అని ప్రకటించి, అందులో మిగిలిన దోషాలన్నిటినీ సుగుణాలుగా పరిగణించాలని కూడా ఆయన ముందే నిర్దేశించాడు. ఇంతటివాడు మనకు ఆద్యుడై ఉండగా, మార్జిన్ నచ్చక రెండు నెలలు నవల ఆపిన నన్ను మా ఆవిడ మాటలనడం ధర్మం కాదు.

ముందుగా సృజనాత్మక శాఖ. ఇక్కడి సాఫ్ట్‌వేర్ ప్రధానంగా అమ్మే సరుకు శూన్యం. మెనూలు ఉండవు, మీటలు ఉండవు, గడియారం కూడా కనబడదు. తెర నిండా ఖాళీ, మధ్యలో మినుకుమినుకుమనే ఒక కర్సర్. ఏకాగ్రత కోసమట. ఆ ఖాళీకి ఏ రంగు వేస్తే ఏకాగ్రత బాగా కుదురుతుందో తేల్చడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. శూన్యం సరిపడనివారికి స్క్రివనర్ వంటివి ఉన్నాయి. వాటిలో పాత్రలకొక ఫోల్డర్, ప్రదేశాలకొక ఫోల్డర్, పరిశోధనకొక ఫోల్డర్ ఉంటాయి. సన్నివేశానికొక అట్టముక్క చొప్పున తెర మీద గుచ్చి, వాటిని అటూ ఇటూ జరుపుకోవచ్చు. మొదటి భాగంలో మొదటి వాక్యం ఇంకా పడకముందే మూడో భాగానికి ఫోల్డర్ తెరిచి అంకితం పేజీ కూడా సిద్ధం చేసినప్పుడు, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఎవరిని చూసి పుట్టిందో నాకు అర్థమైంది. అమెరికన్ నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ మాత్రం పాతకాలపు డాస్ మీద నడిచే వర్డ్‌స్టార్ 4.0తోనే రాస్తానని 2014లో బహిరంగంగా చెప్పారు. ఆయన ప్రధాన నవలామాలికలో 2011 తరవాత కొత్త సంపుటం రాలేదన్నది వాస్తవమే గానీ, నేరం వర్డ్‌స్టార్ మీదకు తోయడానికి నా దగ్గర ఆధారాలు లేవు.

డాక్యుమెంటేషన్ శాఖ సంగతి వేరు. నవల పాఠకుడు మొదటి పేజీలో ఎక్కి చివరి పేజీలో దిగుతాడు. మాన్యువల్ పాఠకుడు యంత్రం ఆగిపోయినప్పుడు, కోపంతో, వెతుకుడు పెట్టెలో ఒక ముక్క కొట్టి నేరుగా నూట నలభయ్యో పేజీ మధ్యలో ఊడిపడతాడు. తనకు కావలసిన నాలుగు వాక్యాలు అక్కడ లేకపోతే, మిగతా పుస్తకం ఎంత రసవత్తరంగా ఉన్నా అతనికి అనవసరం. పైగా ఒకే హెచ్చరిక నలభై మాన్యువల్స్‌లో ఉంటుంది. కొత్త వెర్షన్ రాగానే నలభై చోట్లా మారాలి. అందుకే ఇక్కడ రాతను ప్రవాహంగా కాక విడిభాగాలుగా చూస్తారు. ఐబీఎమ్‌లో పుట్టి 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణంగా స్థిరపడిన డీటా పద్ధతి ప్రకారం, లోకంలో చెప్పదగిన ప్రతి విషయమూ భావన గానీ, చేయవలసిన పని గానీ, చూసుకోవలసిన పట్టిక గానీ అయి ఉండాలి. ఇది చాలా ఆరోగ్యకరమైన దృష్టి అని నా అభిప్రాయం. నా నవలను ఈ చట్రంలోకి దించి చూస్తే నాయిక భావన కిందికీ, ప్రేమ చేయవలసిన పని కిందికీ, బంధువులు పట్టిక కిందికీ చక్కగా వచ్చారు. ప్రేమకు మాత్రం 'ఫలితం' అనే గడి ఖాళీగా మిగిలింది.

ఈ ఉత్సాహంలోనే నవలను డాక్యుమెంటేషన్ పనిముట్ల చేతిలో పెట్టాను. డెబ్భై పేజీలు దాటాక నాయిక పేరు రమ కంటే వాణి అయితే బాగుంటుందనిపించి, 'అన్నీ మార్చు' అనే మీట నొక్కాను. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో రావత్తు అంటే పొల్లు గుర్తు, దాని వెనక మామూలు రకారమే. అందువల్ల ఏ మాటలో వత్తు చాటున రమ దాగి ఉన్నా సాఫ్ట్‌వేర్ కనిపెట్టి బయటికి లాగింది. "క్రమంగా ఆశ్రమంలో శ్రమకు అలవాటు పడిన రమ" అన్న నా వాక్యం "క్వాణింగా ఆశ్వాణింలో శ్వాణికు అలవాటు పడిన వాణి" అయి కూర్చుంది. ఆమె తమ్ముడు రమణ, వాణిణ అయ్యాడు. ఇలాంటివి మళ్లీ జరగకూడదని పేరును, ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారే వేరియబుల్‌గా పెట్టుకుంటే, ఇకారం మీద ముగిసే పేరుకు 'కు' కాక 'కి' చేరుతుందన్న సంగతి దానికెవరూ చెప్పలేదు. చివరికి నాయికకు ఒక్కో విభక్తికి ఒక్కో వేరియబుల్ కట్టవలసి వచ్చింది. ఆమె పెళ్లాడిన కథను, ఒకే రాతకు వేర్వేరు రూపాలను విడిగా దాచే గిట్‌లో ఒక బ్రాంచిలోనూ, పెళ్లాడని కథను ఇంకో బ్రాంచిలోనూ ఉంచాను. రెండింటినీ కలపబోతే కాన్‌ఫ్లిక్ట్ ఉందని హెచ్చరిక వచ్చింది. నవల మొత్తం మీద ఉన్న సంఘర్షణ అదొక్కటే.

న్యాయంగా ఉండాలంటే రెండోవైపు కూడా పరీక్షించాలి కదా. ఒక భారీ యంత్రం మాన్యువల్‌ను నవలాకారుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, స్టెప్పుకొక అట్టముక్క చేసి, తెర మీద గుచ్చి, దూరం నుంచి చూశాను. కథనం చప్పగా ఉంది. ముఖ్యమైన సంగతిని మొదటి స్టెప్పులోనే చెప్పేశారు. ఆ ముక్కను మెల్లగా లాగి చివరికి జరిపాను. ఇప్పుడు పాఠకుడు మూత తెరుస్తాడు, కవచం విప్పుతాడు, లోపలి బెల్టును కుడిచేత్తో పట్టుకుంటాడు, సరిగ్గా అప్పుడు తొమ్మిదో స్టెప్పు వస్తుంది: "పై పనులన్నీ చేసే ముందు విద్యుత్ సరఫరాను తప్పనిసరిగా ఆపివేయండి."

సరిచూడడానికి పంపిన గంటలోపే ఇంజనీరు పరుగున వచ్చారు. కాగితం ఆయన చేతిలోనే వణుకుతోంది.

"ఏంటి సార్ ఇది? తొమ్మిదో స్టెప్పు చదివేసరికి నాకు చెమటలు పట్టాయండీ. వాడి చెయ్యి లోపలే ఉంది కదండీ, ఏమైపోతాడోనని పేజీ తిప్పాను, చూస్తే వారంటీ వివరాలు!"

ఆ ముక్కను తిరిగి మొదటి స్థానానికి జరిపి, క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన మాటలను మాత్రం పొల్లుపోకుండా టైపు చేసి, నవల ప్రాజెక్టులో 'పాఠకుల అభిప్రాయాలు' అని నేను ఎప్పుడో తెరిచి ఉంచిన ఫోల్డర్‌లో భద్రపరిచాను. ఇప్పటికి అందులో అదొక్కటే ఉంది.