ఎర్రబస్సు దిగొచ్చినవాళ్ళం

పోయిన దసరాకి అమ్మని తీసుకుని గుడివాడ వెళ్దామని పొద్దున్న ఆరున్నర ఫ్లైట్‌కి విజయవాడ టికెట్లు తీశాం. ఆరున్నర ఫ్లైట్ అంటే బెంగళూరు మహదేవపురలో ఉండే మాలాంటి వాళ్ళు రెండున్నరకి లేవాలి, మూడున్నరకి క్యాబ్ ఎక్కాలి, అందుకని నేను ముఖం కడుక్కుని రాత్రి పడుకున్న నైట్ ప్యాంటు మీదే మా అబ్బాయి హుడీ ఒకటి తగిలించుకుని తయారైపోయా. అమ్మ మాత్రం రెండింటికే లేచి తలస్నానం చేసి, మంగళగిరి పట్టుచీర కట్టి, ముందురోజు కొని ఫ్రిజ్‌లో దాచుకున్న కనకాంబరాలు తురుముకుని సోఫాలో కూర్చుని ఉంది. నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి "ఏమే, మనం వెళ్తోంది ఊరికేనా, ఆస్పత్రికా?" అంది.

ఈ మాట ఎందుకు గుర్తొచ్చిందంటే, కార్తీక వనభోజనాల్లో మన వాళ్ళు పులిహోర తింటూ గంటసేపు ఇదే గోల. ఫ్లైట్లు ఎర్రబస్సులైపోయాయండీ, నిక్కర్లేసుకుని వచ్చేస్తున్నారు, ఒకప్పుడు ఎంత డీసెంట్‌గా ఉండేదీ అని. సరిగ్గా అదే నెలలో, 2025 నవంబర్‌లో, అమెరికా రవాణా మంత్రి షాన్ డఫీ కూడా ఇదే అన్నాడు, పైజమాలు చెప్పులు వేసుకుని రాకండి, కాస్త మర్యాదగా డ్రెస్ చేసుకోండి, థాంక్యూ చెప్పండి, గర్భిణులకీ పెద్దవాళ్ళకీ బ్యాగు పైన పెట్టడంలో సాయం చెయ్యండి అని. అక్కడ చాలామంది ముందు సీట్ల మధ్య కాళ్ళు పట్టే చోటివ్వు, తర్వాత మా పైజమాల సంగతి చూద్దాం అని గట్టిగానే తగులుకున్నారు. అదీ నిజమే. మన చవక ఫ్లైట్లలో సీటుకీ సీటుకీ మధ్య ఇరవై ఎనిమిది, ముప్ఫై అంగుళాలు, అందులో ఇస్త్రీ ప్యాంటు వేసుకుని కూర్చుంటే దిగేసరికి అది ఎలాగూ నలిగిన కాగితమే.

బట్టల సంగతిలో నాకు పెద్ద పట్టింపేం లేదు, మొన్నటి నా వేషం చెప్పాగా. పైగా ఆ పాత డీసెంటు రోజుల గురించి నాకో అనుమానం. 1997లో మా పెద్దన్నయ్య అమెరికా వెళ్తుంటే రెండు సుమోలు కట్టించుకుని పదమూడు మందిమి మద్రాసు మీనంబాక్కం దాకా దిగబెట్టడానికి వెళ్ళాం, మే నెల, ఎండకి తారు కరుగుతోంది, మా అన్నయ్య కోటు, కోటు లోపల స్వెట్టరు, మెడకి టై. అందరం ఆహా దొరబాబు అని ఫొటోలు తీసుకున్నాం. అసలు విషయం ఏంటంటే సూట్‌కేసుకి 32 కిలోలే, రెండు సూట్‌కేసులూ ఆవకాయ, కందిపొడి, కుక్కరుతో నిండిపోయాయి, కోటు పెట్టడానికి చోటు లేక వాడు ఒంటిమీద వేసుకెళ్ళాడు. కోటు జేబుల్లో కూడా చింతపండు పొట్లాలున్నాయి.

ఆ రోజుల్లో ఫ్లైట్ ఎక్కేవాళ్ళే కొద్దిమంది, కాబట్టి పెళ్ళికి తయారైనట్టు తయారయ్యేవాళ్ళు. ఆ లెక్క మార్చింది మన బెంగళూరే. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ పెట్టి హుబ్బళ్ళికి చిన్న విమానం నడిపాడు, తర్వాత రూపాయి టికెట్లు కూడా అమ్మాడు, తిండి లేదు, పేపరు లేదు, మంచినీళ్ళు కావాలంటే కొనుక్కో. అప్పట్లో నవ్వారు, ఇప్పుడందరూ అదే బాట. 2017లో సిమ్లాలో, చిన్న ఊళ్ళకి చవగ్గా విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదటి ఫ్లైట్‌కి జెండా ఊపుతూ ప్రధాని మోదీ హవాయి చెప్పులేసుకునేవాడు కూడా విమానం ఎక్కాలి అన్నారు. నన్నడిగితే ఆ హవాయి చెప్పులాయన వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. 2022 నవంబర్‌లో న్యూయార్క్ నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిర్ ఇండియా ఫ్లైట్‌లో ఒకతను తాగేసి ఒక పెద్దావిడ మీద మూత్రం పోశాడన్న కేసు గుర్తుందిగా, అది జరిగింది బిజినెస్ క్లాసులో. విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఆ కంపెనీకి ముప్ఫై లక్షలు ఫైన్ వేసింది కూడా.

సరే, మళ్ళీ మా ఫ్లైట్‌కి వస్తా. అమ్మకి కిటికీ సీటు, నాకు మధ్యలోది. టేకాఫ్ అయ్యి మేఘాలు కనబడేసరికి అమ్మ చిన్నపిల్లలా అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. ఇంతలో వెనకనుంచి, సీటుకీ గోడకీ మధ్య సందు ఉంటుంది చూడండి, అందులోంచి ఒక కాలు వచ్చింది. సాక్సు కూడా లేదు. మడమ కింద ఎక్కడో ఆనించుకుని, వేళ్ళు సరిగ్గా అమ్మ మోచెయ్యి పెట్టుకునే చోట, బొటనవేలి గోరు కొంచెం నల్లగా కమిలి ఉంది, అది పాటకి తాళం వేస్తున్నట్టు ఊగుతోంది. అమ్మ పట్టుచీర కొంగు దానికి తగిలీ తగలనట్టు ఉంది. నేను వెనక్కి తిరిగి ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ అంటున్నా, అతనికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, వినపడదు. అమ్మ కాసేపు ఆ వేలి వంక చూసి చూసి, మడిచి పట్టుకున్న బోర్డింగ్ పాస్‌తో దానిమీద టకటకా రెండు దెబ్బలేసి "నాయనా, నీ కాలు ఇటొచ్చింది" అంది, తప్పిపోయిన దూడ గురించి చెప్పినట్టు. కాలు చటుక్కున లోపలికి పోయింది. "సారీ బామ్మగారూ" అని వినబడింది, మన వాడే. పది నిమిషాలయ్యాక మళ్ళీ బొటనవేలు.

2017లో డీజీసీఏ ఇలాంటి వాళ్ళ కోసం మూడు లెవెల్స్‌లో రూల్స్ పెట్టింది, నోటి దురుసుకి మూడు నెలల దాకా ఫ్లైట్ ఎక్కనివ్వరు, చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదకి తెస్తే రెండేళ్ళు, ఆపైన ఎంతైనా. బొటనవేలికి మాత్రం ఏ లెవెలూ లేదు.

మా పక్క ఐల్ సీటాయన నీటుగా ఉన్నాడు, అది కూడా చెప్పాలి. గీత పడని తెల్ల చొక్కా, పాలిష్ బూట్లు, మంచి సెంటు. ఎయిర్ హోస్టెస్ పిల్ల అటు పోతుంటే చిటికె వేసి పిలిచాడు. ఇంట్లో కుక్కని కూడా మనం పేరు పెట్టి పిలుస్తాం. ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళుంటాయేమో, పొద్దున్న మనం రెండున్నరకి లేస్తే తను పన్నెండింటికి లేచి జుట్టు ముడేసి లిప్‌స్టిక్ దిద్దుకుని వచ్చి ఉంటుంది, నవ్వుతూనే "యెస్ సర్" అంది. ఆయన చేతిలో ఖాళీ కప్పు పెట్టాడు, ఆమె ముఖం వైపు చూడలేదు.

ఇంకొకరి గురించి చెప్పేముందు నా గురించి కూడా చెప్పుకోవాలిగా. అదే రోజు చెకిన్ కౌంటర్‌లో 15 కిలోలకి మా బ్యాగు 17న్నర తూగింది. ఎక్స్‌ట్రా కట్టమంది ఆ అమ్మాయి. నేను అరిచా. ఎప్పుడూ ఇలా లేదు, పోయినసారి ఎవరూ అడగలేదు, మీ మేనేజర్‌ని పిలువు అని. వెనక ఉన్న క్యూ మొత్తం చూస్తోంది. ఆ పిల్ల ఒక్క మాట అనకుండా బ్యాగు దింపి పక్కన పెట్టింది. అమ్మ నా హుడీ పట్టుకుని లాగి "రెండున్నర కిలోలకి వీధిలో పడతావేంటే" అంది. తర్వాత అనిపించింది, చీర కట్టుకుని బొట్టు పెట్టుకుని వెళ్ళుంటే అలా అరిచేదాన్నా? అరవకపోదునేమో. నిద్ర ముఖంతో, నలిగిన ప్యాంటుతో ఉంటే ఎవరూ మనల్ని చూడట్లేదన్నట్టు ఉంటుంది, ఇంట్లో ఉన్నట్టు, ఇంట్లో అరిచినట్టు అరిచేస్తాం. కాబట్టి బట్టలతో అస్సలు సంబంధమే లేదని గట్టిగా అనలేను. తెల్ల చొక్కాయన గుర్తొస్తే మళ్ళీ అదీ నిలబడదు.

ఇప్పుడు ఆ ఎర్రబస్సు మాట. మనవాళ్ళకి ఇదొక తిట్టు, ఎర్రబస్సెక్కి వచ్చాడు అంటే మొరటోడని అర్థం. నేను గుడివాడ నుంచి బెజవాడ కాలేజీకి మూడేళ్ళు ఎర్రబస్సులోనే తిరిగా. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం, చిల్లర కోసం కండక్టరుతో గొడవ, మేకపిల్లతో ఎక్కినాయన, అన్నీ ఉండేవి, అదేదో స్వర్గం అని చెప్పట్లేదు. కానీ నిలబడ్డవాళ్ళ పుస్తకాల సంచి కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి అడక్కుండానే వెళ్ళిపోయేది. చంటిపిల్ల ఉన్నావిడ ఎక్కితే పిల్లని ముందు ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు, పేరూ ఊరూ తర్వాత. స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం అని పైన రాసి ఉండేది, దాని కింద కూర్చున్న మగాణ్ణి లేపడానికి కండక్టరు అక్కర్లేదు, పక్కనున్న ముసలావిడ చాలు. బస్సులో తప్పు చేస్తే రేపు సంతలో ఎవడో ఒకడు మన నాన్నతో చెప్తాడన్న భయం కూడా ఉండేదిలెండి.

ఫ్లైట్‌లో ఎవరూ ఎవరికీ చెప్పరు. పైగా ప్రతిదీ కొనుక్కున్నదే, కిటికీ కొన్నాం, ముందు వరస కొన్నాం, శాండ్‌విచ్ కొన్నాం, బరువు కొన్నాం. కొన్నది నాది, కొననిది నాకు అనవసరం అన్నట్టు తయారయ్యాం. అమ్మ చేతిసంచి పైన పెట్టాలి, నా భుజం నొప్పికి చెయ్యి లేవదు, చుట్టూ ఆరడుగుల కుర్రాళ్ళు నలుగురు ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. చివరికి వచ్చి పెట్టిందెవరనుకున్నారు, ఆ చిటికె వేయించుకున్న పిల్లే.

గన్నవరంలో చక్రాలు నేలకి తగిలాయో లేదో టపటపా బెల్టులు ఊడిన చప్పుడు. సీట్‌బెల్ట్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. టర్కీలో 2025 నుంచి ఇలా ముందే లేచేవాళ్ళకి ఫైన్ వేస్తున్నారు, మన దగ్గర వేస్తే ఒక్క ఫ్లైట్‌తో బోలెడు డబ్బులొస్తాయి. అందరూ మెడలు వంచుకుని పైన బిన్నుల కింద పావుగంట నిలబడ్డారు, తలుపు తియ్యలేదు. పదకొండో వరసలో పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన, చెప్పులు కూడా హవాయివే, కూర్చునే ఉన్నాడు, ముందు వరసలు ఖాళీ అయ్యాక మెల్లిగా లేచి, మేము బయటికి రావడానికి పక్కకి ఒరిగి చెయ్యి చూపించి "పదండమ్మా" అన్నాడు. దిగేటప్పుడు గుమ్మం దగ్గర ఎయిర్ హోస్టెస్‌కి నమస్కారం పెట్టింది కూడా ఆయనా, మా అమ్మా. మిగతావాళ్ళందరూ అప్పటికే ఫోన్లో "ఆ ల్యాండయ్యా, ఎక్కడున్నావ్" అంటున్నారు. నేను కూడా.

సంక్రాంతి అయ్యాక అమ్మని మళ్ళీ ఇక్కడికి తీసుకురావాలి, మొన్న టికెట్లు చూస్తున్నా. కిటికీ సీటేగా అమ్మా అంటే, "వద్దులేవే, ఆ సందులోంచి ఈసారి ఎవడి కాలొస్తుందో" అంది. ఐల్ సీటుకి మూడొందల యాభై ఎక్స్‌ట్రా చూపిస్తోంది.