పోతే వెంట్రుకే పోవాలి

2023 జులైలో టమాటా గోల గుర్తుందిగా. మదనపల్లె మార్కెట్లో కిలో 200 దరిదాపులకి పోయింది, ఏ ఛానల్ పెట్టినా టమాటాతో కోటీశ్వరుడైన రైతే కనిపించేవాడు. సెప్టెంబర్ వచ్చేసరికి అదే టమాటాని కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోశారు. జులై రేటు చూసి నాటినోడికి కాయ కోతకొచ్చింది సరిగ్గా అప్పుడే.

చిన్న రైతుకి రిస్క్ అనగానే మన మేధావులందరూ ఇన్సూరెన్స్ అంటారు. కేంద్రం పెట్టిన ఫసల్ బీమా ఇచ్చేది దిగుబడి పడిపోతే, అదీ చాలావరకు మన చేను చూసి కాదు, ఊళ్లోనో మండలంలోనో తీసిన సగటు చూసి. పంట బ్రహ్మాండంగా పండి రేటు పడిపోతే రూపాయి రాదు. మరి ఈమధ్య రైతుల్ని ముంచిందేంటి? మిర్చినే చూడండి. 2021లో నల్ల తామర పురుగు పువ్వులో దూరి చేలకి చేలు తినేసింది, ఆ తర్వాత సరుకు తగ్గి క్వింటా 20 వేలు దాటితే అందరూ మళ్లీ మిర్చే వేశారు, 2025 ఫిబ్రవరికి రేటు సగానికి పడి, కేంద్రం క్వింటాకి 11,781 అని మార్కెట్ జోక్యం ధర, అంటే రేటు పడ్డప్పుడు రైతుని ఆదుకోడానికి పెట్టే ధర, ప్రకటించాల్సి వచ్చింది. ఆ నెలలోనే పల్నాడులో మా బంధువుల కల్లానికి వెళ్లాను. ఎర్రగా మెరుస్తున్న కాయ, రంగు పోయిన తాలు కాయ ఏరి పక్కన పోశారు, పట్టా కప్పి పెట్టారు. మా పిన్ని ఒక కాయ తుంచి గింజ చూపించి "ఇంత మంచి కాయ ఎప్పుడూ రాలేదురా" అంది. మార్కెట్ యార్డుకి మాత్రం ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా తోలలేదు, తోలితే పురుగుమందుల షాపు బాకీ కూడా తీరదని.

కొండకి వెంట్రుక కట్టి లాగుదాం, వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు మన పెద్దలు. అసలైన రిస్క్ మేనేజ్‌మెంట్ అంటే నాకు తెలిసింది అంతే. మూడెకరాలుంటే ఒకెకరం మిర్చి వెయ్యి, మిగతాదాంట్లో కంది, జొన్న, అపరాలు, గట్టున నాలుగు ఆముదం చెట్లు, ఇంటి దగ్గర రెండు గేదెలు. కందికి పెట్టుబడి మిర్చితో పోలిస్తే ఎంత, పోయినా మనిషి నిలబడతాడు, వానలు ఆలస్యమైనా ఏదో ఒకటి చేతికొస్తుంది, పాల డబ్బులు రోజువారీ ఖర్చుకి సరిపోతాయి. ఇది పాతకాలపు మాట కాదు, ఏ పంట ఎప్పుడు దెబ్బతింటుందో తెలియనప్పుడు చేయగలిగిన గట్టి లెక్క ఇదే.

కంది వేస్తే పిల్లల ఫీజులు ఎలా కట్టాలి అంటారు. నిజమే, కందితో ఎవరూ మేడలు కట్టలేదు. కానీ మిర్చి మంచి ఏడాది ఇచ్చిన లాభాన్ని చెడ్డ ఏడాది వడ్డీతో సహా లాక్కుపోతుంటే ఐదేళ్ల లెక్క వేసి చూడండి, ఏదో ఒక్క ఏడాదిది కాదు.

అయితే ఈ మాట కౌలు రైతుకి చెప్పడానికి నాకు నోరు రాదు. ఎందుకంటే అతని పంటని నిర్ణయించేది అతను కాదు, కౌలు. ముందే నగదు భూమి యజమాని చేతిలో పెట్టి చేనులోకి దిగినోడు ఆ డబ్బు తిరిగి రావాలంటే మిర్చో పత్తో వెయ్యక తప్పదు. రిస్క్ మొత్తం అతని నెత్తిన, బ్యాంకు అప్పు, పెట్టుబడి సాయం మాత్రం ఎక్కువగా పట్టా పుస్తకం ఉన్నోడికి. 2011 చట్టంలో కౌలు రైతు గుర్తింపు కార్డుకి యజమాని సంతకం అక్కర్లేదు, 2019లో ఆంధ్రాలో చట్టం మార్చి 11 నెలల కార్డుకి యజమాని ఒప్పుకోలు తప్పనిసరి చేశారు, ఇక ఏ ఆసామి సంతకం పెడతాడు? ముందు ఆ సంతకం షరతు తీసెయ్యండి, తర్వాత రైతుకి పంటల మార్పిడి గురించి క్లాసులు చెప్పొచ్చు. కౌలుకి రెండెకరాలు అడగడానికి వెళ్తే మిర్చి వేస్తావా కంది వేస్తావా అని ఏ ఆసామీ అడగడు, డబ్బు ఉగాదికి ముందే తెస్తావా అని అడుగుతాడు.