బ్లూమింగ్టన్ కూడా ఊరే

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపిన సంక్రాంతి సంబరాల గురించి మన గ్రూపుల్లో పడాల్సిన మెసేజులన్నీ పడ్డాయి. పులిహోర అయిపోయిందని అలిగినవాళ్ళున్నారు, సౌండ్ సిస్టం మీద విసుక్కున్నవాళ్ళున్నారు, రాఫిల్ టికెట్లలో ఏదో జరిగిందని అనుమానపడ్డవాళ్ళూ ఉన్నారు. పిల్లల కార్యక్రమంలో జరిగిన సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తేంత పెద్ద విషయం అనిపించి ఉండదు. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడు పడట్లేదు. ఎడిటర్ గారిని బతిమాలి ఈ పేజీ తీసుకున్నది అందుకే.

మీలో చాలామంది ఆ హాల్లోనే ఉన్నారు, అయినా చెప్తాను. పద్యాల పోటీలో ఒక పదేళ్ళ పాప రెండు పద్యాలు ఎక్కడా తడబడకుండా, పాదం చివర ఆగాల్సిన చోట ఆగి మరీ చదివింది. మన యాంకర్ మురిసిపోయి మైకు దగ్గరికి జరిపి "మీదే ఊరమ్మా?" అని అడిగాడు. "ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాం, కానీ మాది బ్లూమింగ్టన్" అంది. హాలంతా నవ్వింది. "అది కాదు తల్లీ, అసలు ఊరు?" అన్నాడతను. పాప బిక్కమొహం వేసుకుని ముందు వరసలోకి చూసింది. వాళ్ళమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని "నరసరావుపేట, నరసరావుపేట" అని అందిస్తే, పాప అదే మాట పాఠం అప్పజెప్పినట్టు మైకులో అంది. చప్పట్లు. "ఓ, గుంటూరు జిల్లా! అందుకే ఇంత ఘాటు!" అన్నాడు యాంకర్. వెనక నుంచి ఎవరో "ఇప్పుడది పల్నాడు జిల్లా!" అని అరిచారు. దాని మీద ఇంకెవరో ఏదో అన్నారు, మళ్ళీ నవ్వులు. ఇంత హడావిడిలో ఆ పాప సర్టిఫికెట్ తీసుకుని ఎప్పుడు దిగిపోయిందో ఎవరూ చూడలేదు.

యాంకర్ అబ్బాయిని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. జీతం భత్యం లేకుండా నెల రోజులు ఆఫీసు అవగానే ఈ పని మీదే తిరిగాడు. అతను అడిగింది మనందరం అడిగే ప్రశ్నే. నవ్వింది కూడా మనమే.

తర్వాత భోజనాల దగ్గర వాళ్ళు మా బల్ల దగ్గరే కూర్చున్నారు. నేను ఊరికే "బ్లూమింగ్టన్ ఎలా ఉంటుందమ్మా?" అన్నాను. అంతే, చెయ్యి ఎండిపోతున్నా పట్టించుకోకుండా చెప్పుకుపోయింది. ఇల్లినాయ్‌లో ఉంది, చుట్టూ మొక్కజొన్న చేలే, ఆగస్టులో కార్లో వెళ్తే రెండు పక్కలా గోడలు కట్టినట్టుంటుంది. పక్కనే నార్మల్ అనే ఊరుంది, నిజంగానే అంకుల్, జోక్ కాదు. పాత రైలు కట్ట మీద కాన్‌స్టిట్యూషన్ ట్రైల్ అని దారి వేశారు, దాని మీదే నాన్న సైకిల్ నేర్పించాడు. ప్రతి నెలా మొదటి మంగళవారం పొద్దున్న పదింటికి టోర్నడో సైరన్ టెస్ట్ చేస్తారు, మొదటిసారి విని తను బల్ల కింద దూరిందట. వాళ్ళ నాన్న స్టేట్ ఫార్మ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టులో ఉండేవాడు, ప్రాజెక్టు అయిపోయింది, ఇక్కడికి మారారు. రెండేళ్ళ వయసులో ఆ ఊరు వెళ్ళింది, తెలివి వచ్చింది అక్కడే, స్నేహితులు అక్కడే.

ఇప్పుడు చెప్పండి, ఆ పాప ఇచ్చిన జవాబులో తప్పేముంది? తను ప్రస్తుతం ఉంటున్న ఊరు చెప్పలేదు. పెరిగిన ఊరు చెప్పింది. వాళ్ళ నాన్న చేసేదీ అదే కదా! ఆయన ఇంటర్‌కి నరసరావుపేట వదిలి హాస్టల్లో పడ్డాడు, తర్వాత ఇంజనీరింగ్, తర్వాత హైదరాబాద్, తర్వాత ఇక్కడ. అప్పట్నుంచీ పండక్కో పబ్బానికో తప్ప ఆ ఊళ్ళో ఉన్నది లేదు. అయినా ఆయనది నరసరావుపేటే, ఎవరూ నవ్వరు. కూతురు బ్లూమింగ్టన్ అంటే నవ్వుతాం. తండ్రికి ఒక లెక్క, కూతురికి ఇంకో లెక్కా?

ఇది నాకెందుకు ఇంతలా తగిలిందో తెలియాలంటే మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. నేను పుట్టింది కర్ణాటకలో, సింధనూరు దగ్గర ఒక క్యాంపులో. అటువైపు వాళ్ళకి వివరించక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకి నీళ్ళొచ్చాక, కోస్తా జిల్లాల రైతులు ఉన్న కాస్త పొలం అమ్ముకుని, ఆ డబ్బుతో ఆ కాలువ కింద దానికి ఎన్నో రెట్లు నల్లరేగడి కొనుక్కుని తరలి వచ్చారు. కాలువల పక్కన పాకలు వేసుకుని ఉన్నచోట్లని క్యాంపులన్నారు. పాకలు పోయి డాబాలొచ్చాయి, డాబాల మీద అంతస్తులొచ్చాయి, పేరు మాత్రం క్యాంపుగానే ఉండిపోయింది. నిజాంసాగర్ కింద బోధన్, వర్ని వైపు ఇదే వరస ఇంకా ముందే నడిచింది. మనవాళ్ళు నీళ్ళు ఎటు పారితే అటు నడిచారు, తర్వాత చదువు ఎటు తీసుకెళితే అటు ఎగిరారు. వలస మనకి అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1తో మొదలైందనుకునేవాళ్ళు ఒక్కసారి గంగావతి, కారటగి వైపు తిరిగి రావాలి.

మా తాతగారు వచ్చింది తణుకు పక్క పల్లె నుంచి. మా నాన్నగారు క్యాంపులోనే పుట్టారు. కన్నడంలో చదువుకున్నారు, సొసైటీ వాళ్ళతో కన్నడంలోనే పోట్లాడేవారు, కన్నడంలోనే ఓటు అడిగించుకున్నారు. ఎవరైనా "మీదే ఊరండీ?" అంటే మాత్రం తడుముకోకుండా "మాది తణుకు దగ్గరండి" అనేవారు. మా అక్క పెళ్ళి శుభలేఖ మీద క్యాంపు పేరు వేసి 'వాస్తవ్యులు' అని రాయించారు, మళ్ళీ దాని కిందే చిన్న అక్షరాల్లో 'స్వగ్రామం' అని తాతగారి ఊరు, ప.గో. జిల్లా. ఆ కింది లైను లేకుండా అచ్చుకివ్వడానికి ఆయనకి చెయ్యి రాలేదు. సరే, ఆ తణుకు వైపు పెళ్ళికి వెళితే ఏమనేవారు? "క్యాంపు వాళ్ళొచ్చారు" అనేవారు. మా మాటల్లో కన్నడం దొర్లితే మా పెద్దమ్మ గారి పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. వెనక్కొచ్చి సింధనూరు బజారులో దిగితే మేం ఆంధ్రావాళ్ళం.

ఐదో క్లాసులో కొత్త మాస్టారొచ్చారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి ఊరు పేరు అడుగుతున్నారు. నేను లేచి క్యాంపు పేరు చెప్పాను. "అదల్లో, నిమ్మూరు యావుదు?" అన్నారు. అది కాదురా, మీ ఊరేదీ అని. నేను తణుకు అన్నాను. తణుకు నాకు తెలిసినదల్లా మా పెద్దమ్మ వాళ్ళ అరుగు, ఎండాకాలం సెలవులు, అంతే. మాస్టారు తృప్తిగా తలూపి పక్కవాడి దగ్గరికి వెళ్ళారు. ఆయన మంచివాడే, నాకు లెక్కలు వచ్చింది ఆయన వల్లే. కానీ ఆ 'అదల్లో' అనే మాట మొన్న మన ఆడిటోరియంలో, కిటకిటలాడే జనం మధ్య, తెలుగులో వినిపించింది.

ఇక జిల్లాల గొడవ. గుంటూరా పల్నాడా అని ఆ రోజు భోజనాల లైను దాకా వాదన నడిచింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016 దసరాకి 10 కాస్తా 31 అయి, 2019లో 33కి చేరాయి. మన మెంబర్‌షిప్ ఫారంలో 'స్వస్థలం జిల్లా' అన్న గడిలో ఇప్పటికీ పాత పేర్లే ఉన్నాయి, అది వేరే సంగతి. కుక్కునూరు తీసుకోండి. నిజాం కాలంలో వరంగల్ జిల్లా, 1953లో ఖమ్మం జిల్లా, 2014లో పశ్చిమ గోదావరి, 2022లో ఏలూరు. అక్కడ పుట్టిన ఒక పెద్దాయన మంచం మీద నుంచి లేవకుండానే నాలుగు జిల్లాలు చూశాడు. ఇప్పుడా మండలంలో పల్లెలు పోలవరం ముంపులో ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు కింద అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ వైపు మునిగిన ఊళ్ళ వాళ్ళని అడగండి, అసలు ఊరు ఎక్కడుందని. నీళ్ళు తగ్గిన ఎండాకాలంలో సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, మిగతాది నీళ్ళ కిందే. పెద్దవాళ్ళ ఊళ్ళే ఇలా కదులుతుంటే, పిల్లలు మాత్రం మేకు కొట్టినట్టు ఒక్కచోట నిలబడాలంటే ఎలా?

అలాగని ఆ ప్రశ్న చెడ్డదని నేననను. ఎయిర్‌పోర్టు లైన్లో, ఆసుపత్రి వరండాలో, దిక్కు తోచని చోట ఎవరో తెలుగు మాట విని "మీదే ఊరండీ?" అంటే ప్రాణం లేచొస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతో గంటలో చుట్టరికం కలిసిపోతుంది. ఎవరైనా కుర్రాడు యాక్సిడెంట్లో పోతే, శవాన్ని ఇంటికి పంపడానికి అర్ధరాత్రి ఫోన్లు చేసి డబ్బు పోగేసేది ఆ జిల్లా వాళ్ళ వాట్సాప్ గ్రూపే, మనందరికీ తెలుసు. కానీ దాని వెనకాల నడిచేవి కూడా మనకి తెలుసు. ఊరు అయ్యాక ఇంటిపేరు, ఇంటిపేరు అయ్యాక ఎవరూ పైకి అడగని మూడోది. రెండు జవాబులు వింటే మూడోది మనకి మనమే పూరించుకుంటాం. ఈ దేశంలో ఇన్ని తెలుగు సంఘాలు ఎందుకున్నాయో, ఏది ఎందుకు చీలిందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పదేళ్ళ పాపని మైకు ముందు నిలబెట్టి ఆ లెక్కల్లోకి ఎందుకు లాగడం?

"ఊరు మర్చిపోతే పిల్లలకి వేరు తెగిపోతుందండీ" అన్నారు కమిటీలో పెద్దాయన ఒకరు, నేనీ మాట కదిపితే. ఆయనంటే నాకు గౌరవం. ఆ బాధా అర్థమవుతుంది. కానీ చూడండి, 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కి చెరుకు తోటల కూలీలని తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెళ్ళిన ఓడల్లో మనవాళ్ళు బోలెడంత మంది. ఓడ కాగితాల్లో జిల్లా, తాలూకా, ఊరు అన్నీ రాశారు. అక్కడ 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభని వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ నడుపుతున్నారు. అలాగే మనవాళ్ళు వెళ్ళి స్థిరపడ్డ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. వాళ్ళలో చాలామందికి ముత్తాత ఊరు ఏదో తెలీదు, ఊరేదంటే డర్బన్ అనో పోర్ట్ లూయీ అనో అంటారు, తెలుగువాళ్ళం అని కూడా అంటారు. రెండూ ఒకే నోటితో అంటారు.

నిజానికి మన పిల్లల్ని 'అసలు ఎక్కడ' అని నిలదీయడానికి వేరేవాళ్ళు చాలామందే ఉన్నారు. గ్రీన్‌కార్డు లైను పౌరసత్వం చూడదు, పుట్టిన దేశం చూస్తుంది, ఏడాదికిచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం మించదు అంటుంది. రెండేళ్ళప్పుడు వచ్చిన పిల్ల ఇక్కడే హైస్కూలు పూర్తి చేసినా, అమ్మానాన్నల కార్డు తేలకముందే 21 నిండితే, హెచ్-1 వాళ్ళ పిల్లలకిచ్చే హెచ్-4 వీసా చెల్లదు. అప్పుడు ఈ దేశం ఆ పిల్లతో నీది ఈ ఊరు కాదు అంటుంది. అటు ఓసీఐ, అంటే వేరే దేశం పౌరులైపోయిన మనవాళ్ళకి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు, తీసుకున్నవాళ్ళకి తాతగారి పొలం వారసత్వంగా వస్తే రావచ్చు గానీ, పక్క చెక్క కొనుక్కుందామంటే వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. అటూ ఇటూ ప్రభుత్వాలే ఇలా ఉంటే, ఏడాదికి రెండు మూడుసార్లు పట్టు లంగా కట్టుకుని సంబరంగా వచ్చే చోట కూడా మళ్ళీ 'అది కాదు తల్లీ' అనే వినాలా? ఆ పాప వాళ్ళ కాగితాల సంగతి నేను అడగలేదు, నాకు అక్కర్లేదు కూడా. ఆ హాల్లో అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని మాత్రం తెలుసు, వాళ్ళు కూడా ఆ నవ్వు విన్నారు.

అందుకని ఉగాది కమిటీని చేతులు జోడించి అడుగుతున్నాను. స్టేజి మీద పిల్లల్ని ఊరు అడగండి, తప్పకుండా అడగండి, ఒక్కసారే అడగండి. ఫ్రిస్కో అన్నా, ఎడిసన్ అన్నా, నెల్లూరు అన్నా, కరీంనగర్ అన్నా ఒకేలా చప్పట్లు కొట్టించండి. వీలైతే ఆ ఊరు ఎలా ఉంటుందో ఒక ముక్క చెప్పించండి, తెలుగులో మాట్లాడించాలన్న మన సరదా కూడా తీరుతుంది. నరసరావుపేట గురించి పాపకి చెప్పాల్సింది వాళ్ళమ్మా నాన్నా, కోటప్పకొండ తిరునాళ్ళకి ఒకసారి తీసుకెళ్ళి చూపిస్తే ఇంకా మంచిది. అది మైకులో అయ్యే పని కాదు.

ఇంకొకటి, ఇది ఈ నెలాఖరులోపే తేలాలి. ఉగాది సంచికకి పిల్లల వ్యాసరచన పోటీ పెట్టాం కదా, 'మా ఊరు' అని. నియమాల్లో మూడోది చూడండి: 'ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని మీ స్వగ్రామం గురించి మాత్రమే రాయాలి'. ఆ లైను కొట్టేయమని సెక్రటరీ గారికి మెయిల్ పెట్టాను, వచ్చే మీటింగులో పెడతామన్నారు. మీటింగుకి వచ్చే కార్యవర్గ సభ్యులు దయచేసి చెయ్యెత్తండి. ఆ నియమం ప్రకారం పాపే కాదు, కర్ణాటకలో పుట్టిన నేనూ అనర్హుణ్ణే. నన్నేమో ఆ పోటీకి జడ్జిగా వేశారు.