‘ముసలోళ్ళకు నాలుగు గంటల నిద్ర చాలు’ అంటున్న మెసేజ్‌కు నా జవాబు

వారం రోజులుగా ఒక మెసేజ్ మా చుట్టాల గ్రూపులోనూ కాలనీ గ్రూపులోనూ తిరుగుతోంది. “అరవై దాటినవాళ్ళకు నాలుగు గంటల నిద్ర చాలు. ఆస్పత్రి ఎమర్జెన్సీలో నిద్ర పట్టకపోయినా ఒక్క రాత్రే కదా. అడ్డదిడ్డంగా మాట్లాడితే అది వయసు ప్రభావం. గొడవ చేస్తే నిద్రమాత్ర వేయించండి. అక్కడ మీరు చేయగలిగింది ఇంకేమీ లేదు.” తిరుపతిలో ఎమర్జెన్సీలో నైట్ డ్యూటీలు చేసే నర్సును నేను. ఇది చదివి ఊరుకోలేకపోయాను.

నాలుగు గంటలు చాలవు. 65 దాటినవాళ్ళకు ఏడెనిమిది గంటలు కావాలని అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో చెప్పింది. వయసుతో మారేది నిద్ర తీరు. గాఢనిద్ర తగ్గుతుంది, చిన్న అలికిడికే మెలకువ వచ్చేస్తుంది, కోడి కూయకముందే లేచి కూర్చుంటారు. పెద్దవాళ్ళు తక్కువ నిద్రపోతున్నారంటే, అంతే చాలని కాదు.

ఇక ‘ఒక్క రాత్రే కదా’ అన్న మాట. పీలేరు నుంచో శ్రీకాళహస్తి నుంచో వచ్చేసరికే మనిషి సగం అలసిపోయి ఉంటారు. వార్డులో బెడ్ ఖాళీ అయ్యేదాకా స్ట్రెచర్ మీదే. ట్యూబ్‌లైట్లు ఆరవు, మానిటర్ కూతలు ఆగవు, కన్ను మూతపడే వేళకు బీపీ పట్టీ చేతిని బిగిస్తుంది. ఆస్పత్రి వార్డుల్లో రాత్రిపూట శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. ఎమర్జెన్సీలో మామూలుగా మాట్లాడుకున్నా అది దాటిపోతుంది. 2022 డిసెంబరులో ఫ్రాన్స్‌లో 75 దాటిన రోగులను గమనించారు. రాత్రంతా ఎమర్జెన్సీలోనే ఉండిపోయిన వాళ్ళలో 15.7 శాతం మంది ఆస్పత్రిలోనే చనిపోయారు. అర్ధరాత్రి లోపు వార్డుకు వెళ్ళినవాళ్ళలో 11.1 శాతం. ఆ తేడాకు నిద్రలేమే కారణమని ఆ పరిశోధన తేల్చలేదు. అయినా ఆ రాత్రిని తేలిగ్గా తీసుకోవడానికి మాత్రం లేదు.

నాకు ఎక్కువ భయం వేసింది మూడో మాటకు. ఒకసారి పుంగనూరు వైపు నుంచి ఒక అవ్వ జ్వరం, వాంతులతో వచ్చింది. సాయంత్రం తన మాత్రల గురించి ఏది పొద్దున, ఏది రాత్రి అని నాకు వరసగా చెప్పింది. అర్ధరాత్రి దాటాక సెలైన్ పీకేసి కిందికి దిగబోతోంది. “ఆవుకు మేతేసినారా? దూడను ఇప్పినారా?” ఒకటే అడగడం. “వయసైపోయింది సిస్టర్, అట్లే మాట్లాడతాది” అన్నాడు మనవడు. సాయంత్రం లేని వయసు రాత్రికి ఎట్లా వస్తుంది? పొత్తికడుపు మీద చెయ్యి పెడితే గట్టిగా ఉంది. ఎన్నో గంటలుగా ఒంటికి పోలేదు. డాక్టర్‌ను పిలిచాను, గొట్టం వేశారు, మూత్రం దిగింది. మనవడిని అవ్వకు కళ్ళద్దాలు పెట్టి, చెయ్యి పట్టుకొని కూర్చోమన్నాను. ఆమె నిదానంగా సర్దుకుంది.

దీన్ని డెలీరియం అంటారు. మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ళ మీద ముదురుతుంది. ఇది గంటల్లో, రోజుల్లో వస్తుంది, రాత్రయితే ఎక్కువవుతుంది. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్ళు తగ్గడం, సోడియం పడిపోవడం, నొప్పి, మలబద్ధకం, కొన్ని మందులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నిద్రలేమి దానికి తోడవుతుంది. కేకలు వేసేవాళ్ళను అందరూ గమనిస్తారు. పలకకుండా మగతగా పడుండే తాతను చూసి ‘పాపం నిద్రపోతున్నాడు’ అనుకుంటారు. అది కూడా డెలీరియమే కావచ్చు. “నిన్నటిదాకా ఇట్లా లేడు” అని డాక్టర్‌కు మీరు చెప్పాలి. ఆ మాట మీకు తప్ప మాకెవరికీ తెలియదు.

ఇక నిద్రమాత్ర. ఆల్‌ప్రజోలాం లాంటివి 65 దాటినవాళ్ళకు వీలైనంతవరకు వద్దని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ చెబుతోంది. తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది, కలవరింత ఇంకా పెరుగుతుంది. నిద్ర వస్తుందని ఇచ్చే పాతరకం అలర్జీ మాత్రలూ మంచివి కావు. అయితే ఏళ్ళ తరబడి రోజూ నిద్రమాత్ర వేసుకుంటున్న వాళ్ళకు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఆ స్ట్రిప్ తెచ్చి డాక్టర్‌కు చూపించండి, దాచొద్దు.

‘చేయగలిగింది ఏమీ లేదు’ అన్నదీ తప్పే. 70 దాటిన 852 మంది మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 1999లో వచ్చింది. రాత్రి మందుకు బదులు గోరువెచ్చని పాలు, వీపు నిమరడం, కళ్ళద్దాలు, వినికిడి మిషన్ అందుబాటులో ఉంచడం, పగలు లేపి నడిపించడం, ఇలాంటివే చేశారు. డెలీరియం 15 శాతం నుంచి 9.9కు తగ్గింది. అది వార్డులో జరిగింది, నిజమే. కానీ స్ట్రెచర్ పక్కనా కొన్ని చేయొచ్చు. కళ్ళ మీద శుభ్రమైన తువ్వాలు కప్పండి. గంటగంటకూ బీపీ చూడాల్సిందేనా అని అడగండి, మాకేమీ కోపం రాదు. పాలు, నీళ్ళు ఇచ్చేముందు మాత్రం మమ్మల్ని అడగండి. పడుకోబోయే ముందు ఒకసారి ఒంటికి పోనివ్వండి. పదిమంది మారిమారి రాకుండా, రోజూ చూసే మనిషి ఒకరు పక్కన ఉండండి. ఇల్లు వదిలేటప్పుడు ఆధార్ కార్డుతోపాటు కళ్ళద్దాలు, వినికిడి మిషన్, మాత్రల సంచి మర్చిపోవద్దు.