ఇంగ్లీషు మీద ఒక ఫిర్యాదు

స్పానిష్ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చడాన్ని వెంటనే నిషేధించాలని డిమాండ్ చేస్తున్నాను. అర్జీ ఎవరికివ్వాలన్నదే తేలడం లేదు. స్పానిష్‌కైతే 1713లో పెట్టిన రాయల్ అకాడమీ మాడ్రిడ్‌లో ఉంది. ఇంగ్లీషుకి అలాంటి పెద్దదిక్కు లేదు. అచ్చోసిన ఆంబోతులా తిరుగుతోంది.

మేముండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. ఓ శనివారం పక్కింటి మెక్సికో ఆవిడ నవ్వుతూ "మన్యానా కొమేమోస్ ఎన్ సు కాసా" అంది. ఫోన్‌కి వినిపించాను. 'రేపు మీ ఇంట్లో భోంచేద్దాం' అని ఇంగ్లీషులో తేల్చింది. పిలవకుండానే వస్తానంటోందేమిటని మా ఆవిడకి టెన్షన్. ఆదివారం పొద్దున్నే లేచి గుత్తివంకాయ, పులిహోర, సేమ్యా పాయసం చేసింది. రెండింటిదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం. అవతల వాళ్లు కూడా సరిగ్గా అదే పని చేస్తున్నారు.

మెక్సికోలో మర్యాదస్తులు తమ ఇంటినే 'మీ ఇల్లు' అంటారట! మనవాళ్లూ 'మీ ఇల్లే అనుకోండి' అంటారు గానీ, ఎందుకైనా మంచిదని 'అనుకోండి' తగిలిస్తారు. వాళ్లు అదీ తీసేశారు. ఇక రిజిస్ట్రేషనే తరువాయి.

ఆకలి మీద పులిహోర గాజుగిన్నెలో సర్దుకుని వాళ్లింటికెళ్లాం. సిగ్గుగా ఉందని చెప్పబోయి, ఇంగ్లీషు 'ఎంబరాస్డ్'కి దగ్గరగా ఉందని 'ఎంబరసాదా' అన్నాను. దానర్థం గర్భవతి. ఆవిడ నా పొట్ట వైపు చూసి, కాదనలేకపోయింది.

వారం తర్వాత గిన్నె మూత ఒక్కటే తెచ్చి "సె మె కయో" అంది. ఫోన్ 'నేను పడేశాను' అంది. అన్యాయం! ఆవిడ అలా అననే లేదు. 'కయో' అంటే పడింది. 'మె' అంటే నాకు. 'సె' వల్ల, అదేదో దానంతటదే జరిగిపోయిందన్న భావం. అచ్చంగా మన 'చెయ్యి జారింది'. ఇందులో ముద్దాయి లేడు. ఇంగ్లీషు మాత్రం ఆవిడ చేత నేరం ఒప్పించి సంతకం పెట్టించుకుంది. 'మె గుస్తా' సంగతీ అంతే. మన 'నాకు నచ్చింది'లాగే, నచ్చే పని వంటకానిది. ఇంగ్లీషులోకి రాగానే మళ్లీ 'నేను' వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. ఇక మన నువ్వు, మీరులాగా వాళ్లకున్న తు, ఉస్తెద్ రెండూ ఒకే 'యూ' అయిపోతాయి.

'అవొరీత'ని చూడండి. 'అవొర' అంటే ఇప్పుడు, దానికో ముద్దుతోక. ఫోన్ దీన్ని 'రైట్ నౌ' అంటుంది. మెక్సికోలో అది ఈ నిమిషం కావచ్చు, సాయంత్రం కావచ్చు, ఎప్పటికీ కాకపోవచ్చు. ప్యూర్టోరికోలోనైతే 'తర్వాత' అనే అర్థం. స్నానానికి నీళ్లు పెట్టుకుంటూ 'ఇదిగో, దార్లోనే ఉన్నా' అనే జాతికి ఇది విడమరిచి చెప్పాలా?

నిన్న ఆవిడ తమాలేలు (మొక్కజొన్న పిండితో చేసే వాళ్ల వంటకం) పంపిన పింగాణీ పళ్లెం సింకులో నా చెయ్యి జారింది. వంటింట్లోంచే "సె మె కయో" అన్నాను. స్పానిష్ ఒక్క ముక్క రాని మా ఆవిడ హాల్లోంచి, ఫోన్ ముట్టుకోకుండానే అనువాదం చేసింది.

"పగలగొట్టారా?"